యూ చెక్కతో యుద్ధవిల్లు: పాత విల్లును కొలిచి చేస్తే ఎందుకు కుదరదు

1545 జూలై 19న ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ పోర్ట్స్‌మత్ ఎదుట సోలెంట్ జలసంధిలో మునిగిపోయింది. 1982 అక్టోబర్ 11న దాని శిథిలాన్ని పైకి లేపారు. అక్కడ బయటపడ్డ విళ్లు 172, బాణాలు మూడు వేలకు పైనే. అంతకుముందు ఇంగ్లీషు యుద్ధవిల్లు గురించి తెలిసిందంతా బొమ్మల్లోంచి, చట్టాల్లోంచి, ఆయుధాగారాల పద్దుల్లోంచి ఏరుకున్నదే. చేత్తో పట్టి చూడదగ్గ అసలు విళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందుకే ఇవాళ ఎవరైనా చారిత్రక లాంగ్‌బో, అంటే ఆ పొడుగు ఇంగ్లీషు విల్లు, చేస్తున్నామంటే చాలావరకు అది ఈ విళ్ల నకలే.

వాటి పొడవు 187 నుంచి 211 సెంటీమీటర్లు, సగటు 198 దగ్గర. యూ అనే సూదాకుల చెట్టు నుంచి తీసిన ఒంటి బద్ద. పిడి దగ్గర తోలు చుట్టలేదు, ప్రత్యేకంగా మందం ఉంచలేదు; లాగినప్పుడు నడుముతో సహా విల్లంతా వంగుతుంది. విక్టోరియా కాలంలో సరదా పోటీల కోసం పుట్టిన లాంగ్‌బో వేరే జాతి. అది పొట్టిది, లోతు ఎక్కువ, పిడి దగ్గర బిర్రుగా, అంటే వంగకుండా ఉంటుంది. ఇప్పుడు దుకాణాల్లో లాంగ్‌బో పేరుతో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఆ రెండో జాతివే. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ పని తీరు వేరు.

మేరీ రోజ్ విళ్ల కొలతలు అచ్చులో దొరుకుతాయి. కాబట్టి కొత్తగా దిగినవాళ్లు మొదట చేసే పని, ఒక పట్టిక ముందు పెట్టుకుని 10 సెంటీమీటర్లకోసారి అదే వెడల్పు, అదే మందం వచ్చేలా చెక్కుకుంటూ పోవడం. ఫలితం దాదాపు ఎప్పుడూ ఒకటే. నారి దించి పెడితే అచ్చం మ్యూజియంలో దానిలా ఉంటుంది. లాగితే నడుముకు అటూఇటూ ఉండే రెక్కల్లో ఒకటి దూలంలా నిలబడుతుంది, ఇంకోటి మధ్యలో మడత పడుతుంది.

కారణం లెక్కలోనే ఉంది. చెక్క బిర్రుతనం వెడల్పుతో మామూలుగా పెరుగుతుంది, మందంతో మాత్రం ఘనంగా పెరుగుతుంది. అంటే వెడల్పులో పదో వంతు తీస్తే బిర్రుతనం పదో వంతు పోతుంది. మందంలో పదో వంతు తీస్తే 27 శాతం పోతుంది. నడుము దగ్గర 33 మిల్లీమీటర్ల మందంలో ఒక మిల్లీమీటరు పోతే 9 శాతం తగ్గుతుంది. చివర దగ్గర 15 మిల్లీమీటర్ల మందంలో అదే ఒక్క మిల్లీమీటరు 19 శాతం పట్టుకుపోతుంది. దీనికి తోడు చెక్క బిర్రుతనం చెట్టుకూ చెట్టుకూ మారుతుంది, ఒకే దిమ్మలో ఈ పక్కకూ ఆ పక్కకూ కూడా మారుతుంది. వేరే చెట్టు కొలతలు ఈ చెట్టుకు తొడిగితే సరిపోతాయనుకోవడానికి ఆధారమే లేదు.

అసలు విళ్లను లాగి చూసి బలం తెలుసుకుందామన్నా కుదరలేదు. ఉప్పునీటి అడుగున నాలుగు వందల ఏళ్లకు పైగా పడి ఉన్న చెక్క లోపల్లోపల దెబ్బతింది. యంత్రం మీద పెట్టి లాగినప్పుడు కొలతలకు తగ్గ బలం చూపలేదు. చివరికి కంప్యూటర్ లెక్కలూ, కొత్త యూ చెక్కతో చేసిన నకళ్లూ కలిపి చూసి 100 నుంచి 185 పౌండ్లు, అంటే 45 నుంచి 84 కిలోల దాకా ఉండేవని తేల్చారు. ఇప్పటి ఒలింపిక్ విలుకాడు లాగేది 50 పౌండ్ల చుట్టుపక్కల. తేడా అర్థమవడానికి అది చాలు.

మరి నకలు చేయాల్సింది దేన్ని? పొడవును, నడుముతో సహా వంగే తీరును, అడ్డుకోత ఆకారాన్ని, చివర్లకు తొడిగే కొమ్మును, అన్నిటికన్నా ముందు పాత పనివాడు ముడుల దగ్గర చూపిన ఓపికను. మూల విళ్లను దగ్గర నుంచి చూస్తే అవి నున్నగా, సమంగా ఉండవు. ముడి వచ్చిన చోట ఉబ్బు అలాగే వదిలేశారు. చెక్క పక్కకు ఒరిగితే విల్లు కూడా ఒరిగింది. ఆ ఎగుడుదిగుడు చేతకానితనం అనుకుని సరిచేయబోయినవాళ్ల నకళ్లే ముందు విరుగుతాయి.

చెక్క

యూ చెట్టు శాస్త్రీయ నామం టాక్సస్ బకాటా. సూదాకుల జాతిదే అయినా దేవదారులా మెత్తటిది కాదు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కోసి చూస్తే లోపల నారింజ కలిసిన గోధుమ రంగు చేవ, దాని చుట్టూ బెరడు కింద మీగడ రంగు తెల్లచెక్క. మామూలు వడ్రంగి తెల్లచెక్కను తీసి పారేస్తాడు. ఇక్కడ అదే ప్రాణం. విల్లు లాగినప్పుడు గురి వైపు ఉండే ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ఉండేది నలుగుతుంది. మొదటిదాన్ని వీపు అని, రెండోదాన్ని పొట్ట అని అంటారు. సాగుడును తెల్లచెక్క బాగా ఓర్చుకుంటుంది, నొక్కుడును చేవ ఓర్చుకుంటుంది. రెండు వేర్వేరు చెక్కలు జిగురుతో అతికించి చేయాల్సిన పనిని ఈ చెట్టు తనంతట తనే చేసి పెట్టింది. మనిషిలో చేవ ఉందంటే గట్టివాడని మన భాషలో అర్థం. విల్లులో చేవకు తెల్లచెక్క తోడు లేకపోతే ఆ గట్టితనమే విరగ్గొడుతుంది.

వెదురు విల్లులోనూ ఇదే సూత్రం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో వెదురు బద్దతో విల్లు చేసేవాళ్లు లోపలి వైపు ఎంతైనా చివ్వుతారు గానీ పై తొక్క జోలికి పోరు. సాగే పక్కన నార తెగకూడదు, అంతే.

మంచి యూ చెక్కలో వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అంగుళానికి 30 దాటితే మేలైనది. ఎత్తైన కొండ నేలల్లో చలికి నిదానంగా పెరిగిన చెట్టులో ఇంకా ఎక్కువ ఉంటాయి. ఇంగ్లాండ్‌లో యూ చెట్లున్నా సైన్యానికి కావలసిన బద్దలు ఎక్కువగా యూరప్ ప్రధాన భూభాగం నుంచే వచ్చేవి. 1472లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లాండ్ రేవులకు సరుకు తెచ్చే వర్తకుడు ప్రతి టన్నుకూ నాలుగు వింటిబద్దలు తేవాలి. ఆ గిరాకీ దెబ్బకు బవేరియా, ఆస్ట్రియా అడవుల్లో యూ దాదాపు ఖాళీ అయింది.

తెలుగు నేలలో ఈ చెట్టు లేదు. హిమాలయాల్లో దాని బంధువు టాక్సస్ వాలిచియానా ఉంది. కేన్సర్ మందు పాక్లిటాక్సెల్‌కు ముడిసరుకు కావడంతో విపరీతంగా నరికివేతకు గురై, ఇప్పుడు అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాతుల్లో చేరింది. విల్లు కోసం దాని జోలికి పోవద్దు. అమెరికా పశ్చిమ తీరంలో, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల కొండల్లో పెరిగే పసిఫిక్ యూ ఈ పనికి చక్కగా పనికొస్తుంది. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు అది దగ్గర దారే. అయితే అడవిలో కోయడానికి అనుమతి కావాలి, విల్లు బద్దలు అమ్మేవాళ్ల దగ్గర కొనడం తేలిక.

ఒక జాగ్రత్త. ఎర్రటి పండు కండ తప్ప ఈ చెట్టులో ప్రతి భాగమూ విషమే. ఆకు తిని పశువులు, గుర్రాలు చనిపోతాయి. పొట్టు ఎగిరే పనికి దిగినప్పుడల్లా మాస్కు కట్టుకోవాలి, రజను అన్నం తినే చోటికి చేరనివ్వకూడదు.

చీల్చడం, ఎండబెట్టడం

చలికాలంలో కొట్టిన చెట్టు మేలు. 210 నుంచి 220 సెంటీమీటర్ల పొడవు, 15 నుంచి 20 సెంటీమీటర్ల లావు, కంటికి కొమ్మలు తక్కువగా కనిపించే దిమ్మ కావాలి. కోసిన గంటలోపే రెండు చివర్లకూ దట్టంగా ఫెవికాల్ గానీ కరిగిన మైనం గానీ పట్టించాలి. రేపు చూద్దాంలే అనుకుంటే తెల్లారేసరికి చివర్లలో నక్షత్రంలా పగుళ్లు వస్తాయి, అవి లోపలికి అర అడుగు దాకా పాకుతాయి.

రంపంతో కోయడం కన్నా ఇనుప చీలలు కొట్టి చీల్చడం మంచిది. చీలిక నార వెంటే పోతుంది కాబట్టి చెక్క మెలిక తిరిగి ఉంటే అప్పుడే బయటపడుతుంది. కొద్ది మెలిక పర్వాలేదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు పావు చుట్టు తిరిగితే ఆ బద్దను వదిలేయడమే లాభం. మంచి దిమ్మ నుంచి నాలుగు బద్దలు రావచ్చు. చాలాసార్లు రెండే వస్తాయి.

బెరడుతోనే నీడలో, గాలి ఆడేచోట, మూడు నాలుగు ఆధారాల మీద పడుకోబెట్టి రెండు మూడేళ్లు ఎండనివ్వాలి. తొందరగా కావాలంటే విల్లు ఆకారానికి ముతకగా చెక్కి, అన్ని వైపులా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి ఎండబెడితే ఏడాదిలో సిద్ధమవుతుంది. ఎండిందో లేదో చెప్పేది తూకం. వారానికోసారి కాటా మీద పెట్టి బరువు రాసుకోవాలి. నెల రోజుల పాటు అంకె కదలకపోతే బద్ద చుట్టూ ఉన్న గాలితో సమానమైందని అర్థం. తేమ మీటరుంటే 9 నుంచి 12 శాతం మధ్య చూపాలి. పచ్చి చెక్కను వంచితే విరగదు, వంగి అలాగే ఉండిపోతుంది. ఆ విల్లు ఇక ఎప్పటికీ చురుకు కాదు. అతిగా ఎండితే తెల్లచెక్క పెళుసెక్కుతుంది. హైదరాబాద్ మే నెల గాలిలో ఉంచిన విల్లూ, విశాఖ వానాకాలంలో ఉంచిన విల్లూ ఒకే విల్లైనా ఒకేలా ప్రవర్తించవు.

పక్కకు బాగా ఒరిగిన బద్దను ఆవిరి పట్టి సరిచేయవచ్చు. అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పెట్టి, తీసిన వెంటనే పలకకు బిగించి, చల్లారాక వదలాలి. కనీసం రెండు వారాలు ఆగాకే వంచే పని. ఇందులో ధ్యేయం బద్ద గీత గీసినట్టు తిన్నగా కావడం కాదు. రెండు చివర్లను కలిపే దారం నడుము మధ్య మీదుగా పోతే చాలు; మధ్యలో పాము నడకలా ఉన్నా విల్లు పనిచేస్తుంది.

వీపు

బెరడు తీశాక మొదటి పని తెల్లచెక్క మందం చూడటం. తోటల్లో పెరిగిన యూలో అది రెండు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. విల్లుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు చాలు, మొత్తం మందంలో నాలుగో వంతు దాటకూడదు. దాటితే పొట్ట పక్కకు చేవ తగ్గి, విల్లు బరువెక్కుతుంది, వేగం పోతుంది.

పలచన చేసేటప్పుడు చదునుగా చిత్రిక పట్టడం నేరం. రెండు పిడుల చివ్వుకత్తితో నిదానంగా దిగి, ఒకే వలయాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. వీపు ఎక్కడ పొంగితే అక్కడ పొంగనివ్వాలి, ఎక్కడ పల్లమైతే అక్కడ పల్లమే. సన్నటి వలయాలున్న యూలో అక్కడక్కడ ఒకటి తెగినా వెంటనే ముప్పు రాదు. యాష్ అనే చెట్టు చెక్కలో అయితే ఆ వెసులుబాటు తక్కువ. అలాగని యూలో వలయాలు తెంచడం అలవాటు చేసుకోకూడదు.

ముడి దగ్గర కత్తి ఆపి చిన్న గీకుడు పలక పట్టుకోవాలి. నార ముడి చుట్టూ ఏటి నీరు రాయి చుట్టూ తిరిగినట్టు తిరుగుతుంది. సమం చేస్తే ఆ తిరిగే పోగులన్నీ తెగుతాయి. ముడి చుట్టూ రూపాయి బిళ్లంత మేర రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తు వదిలేయాలి. మూల విళ్ల మీద కనిపించే ఉబ్బులు ఇవే. కుళ్లి వదులైన ముడి ఉంటే గుల్లను తీసేసి, గట్టి చెక్క మేకు జిగురుతో దించి, ఆ చోట వెడల్పు కొంచెం పెంచాలి.

ముతక చెక్కుడు

వీపు సిద్ధమయ్యాకే దాని మీద గీతలు. చెక్క సహజంగా పోయే దారినే నడిగీత అనుకుని, దానికి అటూఇటూ వెడల్పు వేయాలి. 198 సెంటీమీటర్ల పొడవుతో, నారిని 30 అంగుళాల దాకా లాగితే 90, 100 పౌండ్ల బలం చూపే విల్లు చేయాలనుకుంటే నడుము దగ్గర 38 మిల్లీమీటర్లు, రెక్క సగంలో 32, చివరికి 15 సెంటీమీటర్ల ఇవతల 22, చివర 14 పెట్టుకోవచ్చు. మందం ప్రతి చోటా వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఇవి పూర్తయిన విల్లు కొలతలు కావు, మొదలుపెట్టడానికి వదిలే చెక్క. ఇక్కడి నుంచి ఎంత పోవాలో విల్లే చెబుతుంది.

బాడిసతో, తర్వాత చివ్వుకత్తితో పొట్ట వైపు తీయాలి. ముందు నలుచదరం, ఆపైన మూలలు తీసి ఎనిమిది పలకలు, చివరికి గుండ్రం. వీపు కొద్దిగా ఉబ్బెత్తు, పొట్ట లోతుగా గుండ్రం. అడ్డంగా కోస్తే బాగా ఉబ్బిన కొబ్బరి చిప్పలా కనిపించాలి. మేరీ రోజ్ విళ్లన్నిటికీ ఒకే అడ్డుకోత లేదు. కొన్ని దాదాపు గుండ్రం, కొన్నింటికి పక్కలు చదును. గుండ్రటిదాంట్లో అతి నొక్కుడంతా పొట్ట మధ్యలోని సన్నటి గీత మీద పడుతుంది, కాబట్టి నాసి చేవైతే అక్కడే నలుగుతుంది. చెక్క మీద అనుమానం ఉంటే పొట్టను కొంచెం చదునుగా ఉంచడం తెలివైన పని.

వంపు సరిచేయడం

నెలల పనిలో ఇది కొద్ది రోజులే, కానీ విల్లు పుట్టేదీ పోయేదీ ఇక్కడే. దీన్ని టిల్లరింగ్ అంటారు. గోడకు బిగించిన కొయ్య మీద విల్లు నడుమును ఆనించి, నారికి కొక్కెం తగిలించి, కింద కప్పీ మీదుగా తాడు లాగుతూ దూరంగా నిలబడి వంపు చూడాలి. దూరంగా అనడం ఊరికే కాదు. 100 పౌండ్ల విల్లు విరిగితే ముక్క మొహానికే వస్తుంది.

మొదట విల్లు పొడవు కన్నా కాస్త పొడుగైన వదులు తాడు కట్టాలి. చివర్లు 10, 15 సెంటీమీటర్లు కదిలేదాకా అదే. రెండు నియమాలు ఎప్పుడూ తప్పకూడదు. ఒకటి, కావలసిన బలం 100 పౌండ్లైతే విల్లు ఎంత తక్కువ వంగినా 100 దాటి లాగకూడదు. రెండు, వంపులో తప్పు కనిపించాక దాన్ని సరిచేయకుండా ఇంకో అంగుళం లాగకూడదు. విరిగిన విళ్లలో చాలావాటికి ఈ రెండో నియమం ఉల్లంఘించడమే కారణం. ఇంకొంచెం లాగితే బాగా తెలుస్తుంది కదా అనిపిస్తుంది. తెలుస్తుంది, చప్పుడుతో సహా.

వంపు తప్పు కంటికి తెలియడానికి ఒక చిన్న చెక్క ముక్క చాలు. 15 సెంటీమీటర్ల పొడవున, అంచు తిన్నగా ఉన్న ముక్కను వంగి ఉన్న విల్లు పొట్ట మీద పెట్టి జరుపుకుంటూ పోవాలి. పొట్ట లోపలికి వంగి ఉంటుంది కాబట్టి ముక్క రెండు కొసలు ఆనుతాయి, మధ్యలో సన్నటి సందు నుంచి వెలుతురు కనిపిస్తుంది. సందు ఉన్నట్టుండి మూసుకుపోతే అక్కడ బిర్రు, పెన్సిల్‌తో గీతలు కొట్టాలి. పెద్దదైతే అక్కడ బలహీనం, దాని మీద సున్నా చుట్టాలి, పని అయ్యేదాకా ఆ సున్నాలో కత్తి పెట్టకూడదు. ముక్క మధ్యలో రంధ్రం చేసి పెన్సిల్ ముక్క బిగించి, ముల్లు సందు అంత బయటికి ఉంచితే అది బిర్రు చోట తనంతట తనే గీస్తుంది.

గీత పడ్డ చోట గీకుడు పలకతో పది పదిహేను సార్లు తీయాలి. తర్వాత విల్లును అప్పటిదాకా చేరిన దూరానికి 30, 40 సార్లు మెల్లగా లాగి వదలాలి. తీసిన మార్పు చెక్కకు అప్పుడు గానీ అందదు. ఇది చేయకుండా మళ్లీ మళ్లీ గీకితే, మార్పు రాలేదని గీకినదంతా ఒక్కసారిగా కలిసి రెక్క చచ్చుబడుతుంది. కొత్తవాళ్ల విళ్లు అనుకున్నదాంట్లో సగం బలానికి పడిపోవడానికి ఇదే కారణం.

వదులు తాడు మీద వంపు రెండు వైపులా కుదిరాక అసలు పొడవు నారి వేసి ఎక్కుపెట్టాలి. మొదట నారికీ పొట్టకూ మధ్య 8, 10 సెంటీమీటర్లు, చివరికి 15. పాత కొలత, పిడికిలి బిగించి పిడి మీద ఆనించి బొటనవేలు నిక్కిస్తే దాని కొస నారిని తాకాలి. ఇక్కడి నుంచి అంగుళం అంగుళం.

ఆనించే చోటు సరిగ్గా పెట్టకపోతే వంపు అబద్ధం చెబుతుంది. బాణం చేతి పైనుంచి పోతుంది కాబట్టి చేతి ఒత్తిడి విల్లు నడిమికి కాస్త కింద పడుతుంది, వేళ్లు నారిని నడిమికి కాస్త పైన పట్టుకుంటాయి. గోడ కొయ్య మీద కూడా విల్లును చేయి పట్టే చోటే ఆనించి, కొక్కెం వేళ్లుండే చోటే తగిలించాలి. సరిగ్గా మధ్యలో పెట్టి రెండు రెక్కలూ అద్దంలో బొమ్మల్లా చేస్తే, చేత్తో లాగినప్పుడు కింది రెక్క మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. కింది రెక్క రవ్వంత బిర్రుగా ఉండటమే సరి. కొన్ని మూల విళ్ల మీద నడుము దగ్గర చిన్న చుక్కలతో పొడిచిన గుర్తులున్నాయి. తయారీదారు గుర్తులని భావిస్తున్నారు. నకలు మీద కూడా పై రెక్క ఏదో చెప్పే గుర్తు ఒకటి ఉండటం మంచిది, తలకిందులుగా ఎక్కుపెట్టే పొరపాటు తప్పుతుంది.

చివరికి రావలసిన వంపు ఏది? పూర్తిగా లాగినప్పుడు చక్రం ముక్కలా, నడుము కూడా మెల్లగా కదులుతూ ఉండాలి. నడుము అతిగా వంగితే బాణం వదిలినప్పుడు చేతికి గట్టి కుదుపు వస్తుంది. చివర్లు అతిగా వంగితే బాణం హుషారుగానే పోతుంది గానీ సన్నటి చెక్క మీద భారం పడి ఆయుష్షు తగ్గుతుంది. నడుము కొద్దిగా బిర్రు వైపు మొగ్గిన వంపే నయం.

లాగుడు 20 అంగుళాలు దాటాక ప్రతి అంగుళానికీ బలం కొలిచి రాసుకోవాలి. 100 పౌండ్ల విల్లులో అంగుళానికి నాలుగు పౌండ్ల చొప్పున పెరగడం మామూలు. ఉన్నట్టుండి ఆ పెరుగుదల తగ్గితే ఎక్కడో నలుగుడు మొదలైందని అనుమానించాలి. 28 అంగుళాల దగ్గర, చివరికి కావలసిన బలానికి చేరువైతే మిగతా పనంతా ఇసుక కాగితంతోనే. నునుపు చేయడంలో మూడు నుంచి ఐదు పౌండ్లు పోతాయి, వాడకంలో ఇంకొన్ని పోతాయి. ఆ మేరకు ఎక్కువ ఉంచుకోవాలి.

ఎక్కడ చెడుతుంది

పొట్ట మీద అడ్డంగా, అరచేతి గీతల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తే అది నలుగుడు, ఇంగ్లీషు వింటిపనివాళ్లు క్రిసాల్ అంటారు. నూనె రాసి వెలుతురు వాలుగా పడేలా చూస్తే ముందే పట్టుకోవచ్చు. దాన్ని గీకి మాయం చేయబోతే అక్కడ ఇంకా పలచనై గీత లోతవుతుంది. మందు అక్కడ లేదు, దానికి రెండు వైపులా ఉంది. పక్క చోట్ల బిర్రు తగ్గిస్తే భారం పంచుకుంటాయి. బలం పది పౌండ్లు తగ్గుతుంది, విల్లు బతుకుతుంది.

వీపు మీద పొర లేస్తే అది వేరే కథ. నార వాలుగా తెగిన చోటే ఎక్కువగా లేస్తుంది. చిన్నదైతే పలచటి సూపర్‌గ్లూ దించి, అవిసె దారం గట్టిగా చుట్టవచ్చు. అంగుళం దాటిన పొరను నమ్మి 100 పౌండ్లు లాగడం తెలివి కాదు.

రెక్క లాగినప్పుడు పక్కకు తిరుగుతుంటే, రెండు అంచుల్లో ఒకటి రెండోదానికన్నా బలంగా ఉందని అర్థం. బలమైన అంచు వైపు పొట్ట నుంచి కొంచెం కొంచెం తీయాలి. దీన్ని ముందే, విల్లు ఇంకా మందంగా ఉన్నప్పుడే సరిచేయాలి. చివరి దశలో సరిచేయడానికి తీసే చెక్క మిగలదు.

కొమ్ము, నారి

మూల విళ్ల చివర్లు కొంత మేర లేత రంగులో ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు కొమ్ము తొడుగు ఉండేది. సముద్రంలో కొమ్ము కరిగిపోయి దాని నీడ మిగిలింది. దేవదారు కన్నా గట్టిదైనా నారి కోతకు యూ మెత్తటిదే. సన్నటి నారి 100 పౌండ్ల బలంతో లాగితే చెక్కను కోసుకుంటూ పోతుంది. అందుకే ఈ వింటికొప్పులు.

ఆవు కొమ్ము గానీ గేదె కొమ్ము గానీ, గుల్ల లేని గట్టి కొస కావాలి. 12 లేదా 13 మిల్లీమీటర్ల నోరు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల లోతు, లోపలికి పోయేకొద్దీ సన్నబడే రంధ్రం చేయాలి. చదును డ్రిల్ బిట్‌ను గరాటు ఆకారానికి సానబెట్టుకుంటే పని తేలిక. విల్లు చివరను కూడా అదే వాలుకు ఆకురాయితో తీసి, మసి పూసి కొమ్ములో తిప్పితే ఎక్కడ ఆనుతోందో నల్ల మచ్చ చూపిస్తుంది. ఆ మచ్చలు తీసుకుంటూ పోవాలి. అంతటా సమంగా మసి అంటుకున్నాక ఎపాక్సీ పెట్టి దించాలి. పాతకాలంలో తోలు జిగురు. కొమ్ము కోసేటప్పుడు కాలిన వెంట్రుకల కంపు కొడుతుంది, ఆరుబయట చేసుకుంటే ఇంట్లోవాళ్లతో గొడవ ఉండదు.

నారి గాడి మూల విళ్లలో రెండు పక్కలా లేదు, ఒకే పక్క ఉంది, వాలుగా కొమ్మును కోసి కింది చెక్కను కూడా కాస్త గీరింది. విక్టోరియా కాలపు చెక్కడాల కొమ్ము ఈ నకలుకు నప్పదు. చిన్నగా, సాదాగా ఉండటమే పాత పద్ధతి, పైగా చివర బరువు తగ్గితే బాణం వేగం పెరుగుతుంది.

నారి గురించి ఆధారం విళ్ల దగ్గర కాదు, బాణాల దగ్గర దొరికింది. బాణం తోక గాడి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. అంటే నారి అంతకన్నా లావు కాదు. అంత సన్నటి హెంప్ (గంజాయి జాతి మొక్క) నార, అవిసె దారం 150 పౌండ్ల విల్లును ఆపిందంటే ఆ పనివాళ్ల దారం నాణ్యత ఊహించవచ్చు. ఇప్పుడు దొరికే మామూలు అవిసె దారంతో అది గగనమే. కాబట్టి 100 పౌండ్ల నకలుకు డాక్రాన్ అనే కృత్రిమ దారంతో చేసిన నారి వాడటంలో తప్పేమీ లేదు. పైన ఉచ్చు, కింద బిగించుకునే ముడి. పొడవు సరిచేసుకోవడానికి ఆ ముడే అనుకూలం.

పూతకు ఉడికించిన అవిసె నూనె పలచగా నాలుగైదు సార్లు, మధ్యలో రోజు చొప్పున విరామం, ఆపైన తేనెమైనం. మెరిసే వార్నిష్ పట్టిస్తే గీతలు, నలుగుళ్లు కనిపించకుండా దాగిపోతాయి.

వాడకం

బాణం లేకుండా నారి వదలకూడదు; బాణంలోకి పోవాల్సిన శక్తంతా చెక్కలోకే తిరిగొస్తుంది. తేలిక బాణాలు కూడా అంతే చెరుపు. లాగి ఎక్కువసేపు పట్టి ఉంచకూడదు. చలికి గడ్డకట్టిన విల్లును ఒకేసారి పూర్తిగా లాగకూడదు. అయిదారుసార్లు సగం లాగి, కొంచెం కొంచెం పెంచాలి. పని అయిన వెంటనే నారి దించి, గోడకు నిలబెట్టకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టాలి. ఎండలో కారులో వదిలేసిన యూ విల్లు సాయంత్రానికి అయిదు పౌండ్లు పోగొట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

వాడేవాడి ఒళ్లు కూడా లెక్కలోదే. మేరీ రోజ్ నావికుల అస్థిపంజరాలు కొన్నింటిలో భుజం ఎముక చివరి ముక్క అతకకుండా ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి బలమైన విళ్లు లాగడం దానికి కారణం కావచ్చని చెబుతారు. మొదటిసారి చేసేవాళ్లు 50, 60 పౌండ్లకు మించకుండా, లాగుడు 28 అంగుళాలకు పరిమితం చేసుకోవడం మేలు. పొడవు మాత్రం తగ్గించొద్దు. పొడుగు విల్లు తప్పుల్ని ఓర్చుకుంటుంది.

కొత్త విల్లుతో మొదటి వంద బాణాలు రెండు మూడు రోజుల మీద వేయాలి. ప్రతిసారీ నారి దించిన వెంటనే విల్లును తిన్నటి అంచు మీద పడుకోబెట్టి, నడుము ఎంత పైకి లేచిందో కొలవాలి. తిన్నటి బద్దతో మొదలైన విల్లు దించగానే 4, 5 సెంటీమీటర్ల వంపు చూపి, మర్నాటికి రెండు మూడుకు తిరిగొస్తే చెక్క బాగా ఎండిందని, భారం సమంగా పంచుకుంటోందని అర్థం. మర్నాటికీ 7, 8 దగ్గరే నిలిచిపోతే 15 సెంటీమీటర్ల చెక్క ముక్క మళ్లీ చేతికి తీసుకోవాలి. వంపంతా పేరుకున్న చోట ఎక్కడో ఒక సున్నా చుట్టాల్సి ఉంటుంది.